సమీక్షకుడు కథ చెప్పవచ్చునా?

గ్రంథసమీక్షలు ప్రసారమైన పిమ్మట శ్రోతలు వ్రాయు ఫిర్యాదులు సాధారణముగా రెండు తెగలు. ఒకరు “కథ యావత్తు మీ సమీక్షకులే చెప్పివేసినారు, ఇక పుస్తకము కొని చదువుటకు మాకేమి మిగిలినది?” అని అడుగుదురు. మరియొకరు “పది నిమిషములు విన్నాము, శైలి మనోజ్ఞమనియు, పాత్రపోషణ సహజమనియు తెలిసినది గాని, అది దేనిని గూర్చిన పుస్తకమో తెలియలేదు” అని వ్రాయుదురు. రాత్రియంతయు రామాయణము విని తెల్లవారిన పిమ్మట రామునికి సీత ఏమి కావలెనని అడిగినవాని సామెత మనకున్నది గదా. ఈ రెండవ శ్రోత విషయమున ఆ సామెత తిరుగబడినది. ఇక్కడ లోపము విన్నవానిది కాదు, చెప్పినవానిది.

ఇద్దరి మాటలోను న్యాయమున్నది. వారిని ఒక్క సూత్రముతో సమాధానపరుపవచ్చునని నేననుకొనను. కాని సంగతిని కొంత విడదీసి చూచినచో, కథ చెప్పవచ్చునా కూడదా అను ప్రశ్న కంటె, రచయిత ఎవరినుండి దాచిన రహస్యమును సమీక్షకుడు విప్పుచున్నాడు అను ప్రశ్న ముఖ్యమని తేలును.

మొదట మాటలను వేరుపరచుకొనవలెను. సమీక్ష, విమర్శ అను రెండు పదములను మనము ఒకదాని స్థానమున మరియొకటి వాడుచుందుము. ‘గ్రంథ విమర్శ’ అని శీర్షిక పెట్టి పది పంక్తుల పరిచయము వేయు పత్రికలును కలవు. వాడుక ఎట్లున్నను పనులు మాత్రము రెండు. విమర్శ, గ్రంథమును చదివినవానితో చేయు సంభాషణ. సమీక్ష, చదువనివానితో చేయు సంభాషణ. మొదటివానితో ముగింపును గూర్చి మాటలాడుటకు సంకోచమెందుకు? రెండవవాడు అంగడి ముందు నిలిచి, చేతిలోని డబ్బు ఈ పుస్తకమునకు వెచ్చింపదగునా యని ఆలోచించుచున్నవాడు. అతనికి కావలసినది సలహా. అతడు పొందవలసిన అనుభవమును మనము ముందుగా అనుభవించి చూపుట కాదు.

ఈ భేదమునకు తెలుగులో చక్కని నిదర్శనమున్నది. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడినది. పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నములను పరిశీలించిన గ్రంథమది. కళాపూర్ణోదయము పదునారవ శతాబ్దపు కావ్యము. పురాణమునుండి ఎత్తి తెచ్చిన కథ కాదు, కవి కల్పించినది. అది వరుసగా నడువదు. ఒకచోట ఆగి, మరియొకచోట వెనుకకు పోయి, ఒకరి పూర్వవృత్తాంతము ఇంకొకరి కథలో బయటపడుచు, చదువరి తలచినది తలక్రిందులగుచు సాగును. అంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. ఆ కావ్యము నడుమ, చెప్పరాదని నిషేధింపబడిన కథ యొకటి ఉన్నది. కళాపూర్ణుడను పేరు వినబడును, కథ మాత్రము వినబడదు. కలభాషిణికి కలిగిన కుతూహలమే చదువరికిని కలుగును. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు 2002లో ప్రకటించిన ఆంగ్లానువాదమునకు పెట్టిన పేరులోనే ‘ఎన్నడును చెప్పరాని కథ’ అను భావము ఇమిడియున్నది.

కుతూహలమును ఇట్లు పనిముట్టుగా వాడుకొన్న కవి మనకు నాలుగు శతాబ్దములకు పూర్వమే ఉన్నాడన్నమాట. ఆ కథాసంవిధానము గొప్పదని వాదింపదలచినవాడు ముడులన్నిటిని విప్పి చూపక తప్పదు. గడియారము పనితనమును మెచ్చవలెనన్నచో మూత తీయవలసినదే. కాని ఆ కావ్యమును రేపెవరైన సులభమైన వచనముగా వ్రాసి అచ్చువేసినారనుకొందము. దానిని క్రొత్త పాఠకులకు పరిచయము చేయువాడు అవే ముడులను మొదటి పేరాలోనే విప్పినచో, సూరన పడిన శ్రమ యంతయు ఆ పాఠకుని విషయమున వ్యర్థమే. చేసిన పని ఒక్కటే. ఒకచోట అది విమర్శ, మరియొకచోట అపచారము.

ఇక్కడ కొందరు పెద్దలు అడ్డుతగులుదురు. మన సంప్రదాయములో కథ ముందుగా తెలియుట రసమునకు విఘ్నము కాదు గదా యని వారి వాదము. హరికథకు పోవువానికి రుక్మిణీకల్యాణము తెలియనిది కాదు. బుఱ్ఱకథ వినువానికి బొబ్బిలి ఏమగునో తెలియును. అయినను తెల్లవారువరకు కూర్చుండును, ఏడువవలసినచోట ఏడ్చును. ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడుగా విభజించినారు. వసుచరిత్రకారుడు కేవల కల్పితకథలను కృత్రిమరత్నములతోను, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నములతోను పోల్చి, పూర్వకథకు కవికల్పన జోడించినదే సానబట్టిన జాతిరత్నమని మొగ్గు చూపినాడు. కథ తెలియుటయే దోషమైనచో ఇన్ని శతాబ్దముల సాహిత్యము నిలుచుట ఎట్లు?

వాదము బలమైనదే, కాని పూర్తి కాదు. నాట్యశాస్త్రకారుడే రూపకము నిర్వహణసంధిలో, అనగా ముగింపున, అద్భుతరసము ఉండవలెనని విధించినాడు. తెలిసిన కథయైనను చివరకు ఆశ్చర్యము మిగులవలెనని ఆయన ఆశయము. కాళిదాసు శకుంతల కథను మహాభారతమునుండి గ్రహించినాడు. ప్రేక్షకులకది తెలిసిన కథ. అయినను మూలములో లేని దుర్వాసుని శాపమును, ఉంగరమును తెచ్చి అందులో నిలిపినాడు. కథ యెరిగి వచ్చినవానికి సైతము ఎరుగని సంగతి యొకటి సిద్ధపరచినాడు. ప్రఖ్యాతకథలను వాడిన కవులు కుతూహలమును తృణీకరించినారనుట సరికాదు. దానిని ‘ఏమి జరుగును’ అను చోటినుండి ‘ఎట్లు జరుగును’ అను చోటికి జరిపినారు.

ఆ శాపము విషయమే ఇంకొకమారు చూడుడు. దుర్వాసుని మాట ప్రేక్షకుడు విన్నాడు, చెలికత్తెలు విన్నారు. శకుంతల వినలేదు, దుష్యంతుడు వినలేదు. తరువాతి అంకములలోని వేదన యంతయు, మనకు తెలిసినది వారికి తెలియకపోవుటవలన పుట్టినది. ఇది పాత్రలనుండి దాచిన రహస్యము. ఇట్టి రహస్యమును సమీక్షకుడు చెప్పినచో రచయితకు నష్టము లేదు, ఏలయనగా రచయితయే దానిని మనకు ముందుగా చెప్పియున్నాడు. కన్యాశుల్కము ఇట్టిదే. లుబ్ధావధానులకు కట్టబెట్టబోవు పెండ్లికూతురు ఆడపిల్ల కాదని, కరటకశాస్త్రి శిష్యుడని ప్రేక్షకునికి తెలియును, తెలియుటచేతనే నవ్వును. ఆ సంగతి దాచి కన్యాశుల్కమును పరిచయము చేయబూనినవాడు ఆ నాటకమును గూర్చి ఏమియు చెప్పలేడు.

రెండవది పాఠకునినుండి దాచిన రహస్యము. గురజాడవారిదే మరియొక రచన, 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన ‘దిద్దుబాటు’ను తీసికొనుడు. రాత్రి ప్రొద్దుపోయి ఇంటికి వచ్చిన భర్త, భార్యను పిలుచును. గది శూన్యముగా ఉండును. అతనికెంత తెలియునో మనకును అంతియే తెలియును. చివరకు తెలియు సంగతి అతనికి, మనకు ఒక్క క్షణముననే తెలియును. కథలోని బుద్ధిచెప్పుట యంతయు ఆ క్షణమునకై కాచుకొని యున్నది. అది ఏమో ఇక్కడ చెప్పను. చదివినవారు ఇప్పటికే నవ్వుకొనుచుందురు. నూరేండ్లు దాటిన కథకు ఇంకను రహస్యమెక్కడిదని అడుగవచ్చును. కథకు వయస్సు వచ్చినది గాని, దానిని మొదటిసారి చదువు బాలుడు ఏటేట క్రొత్తగా పుట్టుచునే యున్నాడు.

ఒకే రచయిత చేతిలో రెండు పద్ధతులును ఉన్నవి గనుక, సమీక్షకుడు గ్రంథమునుబట్టి నిర్ణయించుకొనవలెను గాని ముందుగా ఏర్పరచుకొన్న నియమమునుబట్టి కాదు. డిటెక్టివ్ నవలల విషయములో సందేహమే లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలను పరిచయము చేయుచు హంతకుని పేరు చెప్పినవానిని ఎవరును క్షమింపరు. ఇంగ్లండులో ఈ తగవు చాల పాతది. విల్కీ కాలిన్స్ వ్రాసిన ‘ది వుమన్ ఇన్ వైట్’ డికెన్స్ నడపిన వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 1860లో మూడు సంపుటములుగా వెలువడినది. కాలిన్స్ పీఠికలోనే సమీక్షకులను ఉద్దేశించి, కథను తిరిగి చెప్పుటవలన పాఠకునికి ఉపకారము లేదు సరిగదా, వాని కుతూహలమును ఆశ్చర్యమును ముందే హరించినట్లగునని విన్నవించుకొన్నాడు. అగాథా క్రిస్టీ నాటకము ‘ది మౌస్‌ట్రాప్’ లండనులో 1952 నవంబరులో మొదలైనది. మహమ్మారి కారణముగా 2020లో ఆగి, 2021లో తిరిగి ఆరంభమైనది. ప్రదర్శన ముగిసినంతనే నటులలో ఒకరు ముందునకు వచ్చి, హంతకుడెవరో బయట చెప్పవలదని ప్రేక్షకులను కోరుట అక్కడి ఆచారము. చట్టము లేదు, శిక్ష లేదు; తనవలెనే ఇంకొకడు వినోదింపవలెనను మర్యాదయొక్కటే ఆ మాటకు బలము.

శాస్త్రజ్ఞులు సైతము ఈ విషయమున తల దూర్చినారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో శాఖకు చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు పండ్రెండు చిన్నకథలను 800 మందికి పైబడిన పాఠకులచే చదివించి, 2011లో ఫలితములు ప్రకటించినారు. ముగింపు ముందుగా తెలిసినవారు తెలియనివారికంటె కథలను ఎక్కువగా మెచ్చుకొన్నారని తేలినది. కథలు చెప్పివేయు సమీక్షకులకిది పండుగవంటి వార్త. కాని 2015లో జాన్‌సన్, రోజెన్‌బామ్ అను పరిశోధకులు జరిపిన మరియొక పరీక్షలో దీనికి విరుద్ధమైన ఫలితము వచ్చినది. నాకు తోచునది యిది: పరిశోధకుడు చేతికిచ్చిన కథ వేరు, తాను కోరి కొనుక్కొని, రాత్రి దీపము తీయకుండ చదువుకొను నవల వేరు. పైగా, చెప్పినందున సగటున నష్టము లేదని ఋజువైనను, చెప్పు హక్కు మనకెవరిచ్చినారను ప్రశ్న అట్లే మిగులును. ఒక గ్రంథమును పదిమార్లు చదువవచ్చును గాని, మొదటిమారు ఒక్కసారియే చదువగలము. తుది తెలిసి చదువుట ఇష్టమైనవాడు చివరి పుట ముందు తిప్పుకొనవచ్చును, అది వాని చేతిలోని పని. తెలియక చదువదలచినవాడు, విన్న మాటను మరచిపోలేడు.

ఇంతకును సమీక్షకులు కథ యేల చెప్పుదురు? దుర్మార్గముచేత కాదు. కథ చెప్పుట సులభము. అభిప్రాయము చెప్పుట కష్టము. ప్రసంగములో ఐదింట నాలుగు పాళ్లు కథాసారముతో నింపి, మిగిలిన భాగములో ముఖచిత్రము బాగున్నదనియు, అచ్చుతప్పులు తరువాతి ముద్రణలో సవరించుకొనవలెననియు, ఆంధ్రపాఠకలోకము ఆదరింపవలెననియు చెప్పి ముగించిన సమీక్షలు మనమెన్ని వినలేదు! అందు తీర్పు లేదు, తీర్పునకు ఆధారము లేదు. రచయిత స్నేహితుడైనప్పుడు ఈ పద్ధతి మరింత సుఖము: మెచ్చినట్లును ఉండును, మాట పడనక్కరయు లేదు. కథను దాచువారిలోను ఇట్టి జాతి యొకటి కలదు. “కథ చెప్పి పాఠకుల ఉత్సుకతను చెరుపను” అను ఒక్క వాక్యము చాటున, పుస్తకమును సగమైన చదువని సంగతి కూడ దాగియుండవచ్చును.

తెలుగున దీనివలన కలుగు నష్టము మరింత పెద్దది. మన నవలలకు పాఠకులు సులభముగా దొరకరు. ఎందరో శ్రోతలకు ఆ పుస్తకముతో కలుగు పరిచయమంతయు రేడియోలో విన్న ఆ పది నిమిషములే. అందు కథ యావత్తు తెలిసినచో, చదివినంత తృప్తితో దానిని మరచిపోవుదురు. అందేమియు తెలియనిచో, ఆ తృప్తి కూడ లేకయే మరచిపోవుదురు. రెండు విధములను నష్టపడువాడు రచయితయే.

కాబట్టి ఎంత చెప్పవలెను? మన సినిమాహాళ్ల యొద్ద వెనుకటి రోజులలో అమ్మిన పాటల పుస్తకములు ఈ సమస్యను తమ రీతిని పరిష్కరించుకొన్నవి. అందు కథను కొంతదూరము నడిపి, నాయిక ఇల్లు వెడలిన చోటనో, నాయకునిపై నింద పడిన చోటనో ఆపి, శేషము వెండితెరపై చూడవలసినదని వ్రాసెడివారు. వ్రాసినవాడు సాహిత్యవేత్త కాకపోవచ్చును, ఎక్కడ ఆపవలెనో ఎరిగినవాడు. అయితే ఆ యెరుక వ్యాపారమునకు సంబంధించినది. సమీక్షకుడు ఆగవలసినచోటు ఉత్కంఠ రేగినచోటు కాదు. రచయిత ప్రశ్న వేసి ముగించి, సమాధానము వెదకుటకు ఆరంభించినచోటు. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందినది. నియమముల చట్రములో జీవితమును బిగించుకొన్న పెద్దమనిషి ఒకడు రైలెక్కినాడు. అదే పెట్టెలో ఒక బిచ్చగత్తె ఉన్నది. ఊరు చేరునప్పటికి గాలివాన వచ్చినది. ఇంతవరకు చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. ఆ రాత్రి ఆ నియమములు ఏమైనవో చెప్పుట పద్మరాజుగారి పని. శ్రోతకు కథ విషయము తెలిసినది, దాని బరువు తెలిసినది. మిగిలినది అతనికే మిగిలినది.

నిజమైన చిక్కు వేరొకచోట ఉన్నది. గ్రంథదోషము ముగింపులోనే ఉన్నప్పుడు ఏమి చేయవలెను? మూడువందల పుటల పొడవునను అన్యాయమునెదిరించి నిలిచిన స్త్రీని, చివరి పది పుటలలో రచయిత కాళ్ల మీద పడవేసి క్షమాపణ చెప్పించినాడనుకొనుడు. అది చెప్పినచో కథ బయటపడును. చెప్పక “చక్కని నవల” అని ఊరకున్నచో, సమీక్షకుడు శ్రోతను మోసగించినవాడగును. ఇట్టిచోట కథకంటె సత్యమునకే నేను ఓటు వేయుదును. అయితే సత్యము చెప్పుటకు సంఘటనను చెప్పనక్కరలేని సందర్భములే హెచ్చు. “ఈ నవల మొదటినుండి వేసికొనుచు వచ్చిన ప్రశ్నకు చివరి ప్రకరణము జవాబు చెప్పదు, ప్రశ్నయే తప్పని పించుకొనును” అని అనవచ్చును. ఏమి జరిగినదో శ్రోతకు తెలియదు, జరిగినది నచ్చలేదని మాత్రము తెలియును. ఎందుకు నచ్చలేదో కొంత తెలియును. ఇట్లు చెప్పుటకు కలము కొంత కష్టపడవలెను. అందుకే గదా సమీక్షకునికి పారితోషికము!

ఈ ఉపాయమునకును లొంగని గ్రంథములు కొన్ని ఉండును. పత్రికలోనైనచో ఒక హెచ్చరిక వ్రాసి, ఆ పేరాను వేరుపరుపవచ్చును. ఇష్టము లేనివాని కన్ను దానిని దాటి పోవును. రేడియోలో ఆ సౌకర్యము లేదు. చెవికి రెప్ప లేదు. ఇప్పుడు ప్రసంగములను ఫోనులో తిరిగి వినుటకు వీలు కలిగినది, కొంత భాగమును ముందునకు జరుపుకొనవచ్చును. కాని ఎంత జరుపవలెనో విననివానికెట్లు తెలియును? అందుచే మా వంటివారు చేయగలిగినది ప్రసంగక్రమమును మార్చుట యొక్కటే. గ్రంథవిషయము, శైలి, పాత్రలు, తీర్పు, వెల, దొరకుచోటు, అన్నియు ముందు చెప్పివేయవలెను. ముగింపును గూర్చిన చర్చ తప్పనిసరియైనచో దానిని కట్టకడపటి నిమిషమునకు నిలిపి, నవల చదువదలచినవారు ఇక్కడితో వినుట ఆపవచ్చునని స్పష్టముగా చెప్పి, ఒక్క క్షణము ఊపిరి పీల్చుకొని, పిమ్మట మొదలుపెట్టవలెను. ఆ క్షణమున రేడియో కట్టివేసిన శ్రోతను తలచి ప్రసంగకర్త నొచ్చుకొననక్కరలేదు. చిరునామా అంతకుముందే చెప్పియున్నాడు గనుక, అతడు చెప్పుల కొరకు వెదకుకొనుచుండవచ్చును.